కొన్నవాడి పేరు లేని కాగితం

కలర్కాలో బండి అమ్మాలన్నా కొనాలన్నా ముందు రుబియేలా ఓస్పీనా చేత చివాట్లు తినాలి. బళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసు లోపల కంప్యూటర్లున్నాయి, గాజు కిటికీల వెనక గుమాస్తాలున్నారు. బయట గోడవారన ఒక మడత బల్ల, దాని మీద పాత టైపు మిషను, పైన ఆకుపచ్చ గొడుగు, కాళ్ళ దగ్గర ఫ్లాస్కులో నల్ల కాఫీ. ముప్పై ఒక్క ఏళ్ళుగా రుబియేలా అక్కడే కూర్చుంటోంది. ఆమె కొట్టిన కాగితం ఏదీ లోపలి నుంచి తిరిగి రాలేదని ఊళ్ళో చెప్పుకుంటారు. నిజానికి రెండుసార్లు వచ్చింది. ఆ రెండూ ఎవరివో, ఏ తప్పు వల్ల వచ్చాయో ఆమెకి ఇప్పటికీ గుర్తే. అడిగితే ముఖం మాడ్చుకుంటుంది.

మా వైపు బళ్ళు అమ్ముకునే పద్ధతి ఒకటుంది. అమ్మేవాడు నోటరీ దగ్గరికెళ్ళి పేరుమార్పు ఫారం మీద సంతకం పెడతాడు, బొటనవేలి ముద్ర వేస్తాడు. కొన్నవాడి పేరు రాయాల్సిన చోట మాత్రం ఎవరూ ఏమీ రాయరు. ఆ కాగితాన్ని కొన్నవాడు మడిచి బండిలో పెట్టుకుంటాడు. రేపు తను అమ్మితే కాగితం కూడా బండితోపాటే పోతుంది. ప్రతిసారీ ఆఫీసుకి కట్టే రుసుము మిగులుతుంది, వరసలో నిలబడే పని తప్పుతుంది. ఒకే కాగితంతో బండి ఐదారు చేతులు మారుతుంది. ఆఫీసు రికార్డుల్లో మాత్రం మొదటి మనిషే ఇంకా యజమాని. ఆరోవాడు ఎవరినైనా గుద్దేసి పారిపోతే పోలీసులొచ్చి తలుపు కొట్టేది మొదటి మనిషి ఇంటికే. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసీ అలాగే చేస్తారు.

రుబియేలా బల్ల దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకవు. కొనేవాడు ఎదురుగా నిలబడి తన పేరు, గుర్తింపు కార్డు నంబరు తన నోటితో చెప్తే తప్ప ఆమె మీటల మీద చెయ్యి వెయ్యదు. ఒకసారి పశువుల డాక్టరు పాత వ్యాను అమ్ముతూ, కొన్నాయన ఊళ్ళో లేడు, ఆ గీత అలా వదిలేయమన్నాడు. ఇంటి తాళంచెవి సంతలో పారేసి వెళ్తారా డాక్టరు గారూ అని అడిగిందామె. మఠం పెద్దమ్మగారు అనాథాశ్రమానికి బండి ఇచ్చేస్తూ, అంతా దేవుడిదే కదా, పేరుదేముంది అని నవ్వితే, దేవుడికి గుర్తింపు కార్డు లేదమ్మా, ఎవరి నంబరు కొట్టమంటారు అంది. పెద్దమ్మగారు ఆ మధ్యాహ్నమే ఆశ్రమం మేనేజరుని వెంటబెట్టుకొచ్చారు.

రుబియేలా పుట్టింది పై కొండల్లో, కాఫీ కోసుకుని బతికే ఇంట్లో. తల్లి పోయేనాటికి ఆమెకి పద్నాలుగు, తమ్ముడు ఆర్సేసియోకి నాలుగు. తండ్రి ఉన్నా లేనట్టే. తమ్ముణ్ణి చంకనేసుకుని కోతకి వెళ్ళింది, కాఫీ చెట్ల మధ్య గోనె పరిచి కూర్చోబెట్టింది, అరేపా అనే మొక్కజొన్న రొట్టె ముక్కలు బెల్లం నీళ్ళలో నానేసి నోట్లో పెట్టింది. చర్చివాళ్ళు ఆడపిల్లలకి టైపు నేర్పుతున్నారంటే ఆదివారాలు కొండ దిగొచ్చి నేర్చుకుంది. వాణ్ణి ఎక్కడ వదలాలో తెలియక బల్ల కింద కూర్చోబెట్టుకునేది. వాడు ఆమె చెప్పుల తాళ్ళు ఒకదానికొకటి ముడేసేవాడు, లేవబోయి ఆమె బోర్లా పడేది. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆమె కళ్ళు మెరుస్తాయి.

తర్వాత హిల్దార్దోని పెళ్ళి చేసుకుంది. సంతకీ కొండలకీ మధ్య జీపు నడిపేవాడాయన. కాఫీ బస్తాలు, అరటి గెలలు, కోళ్ళు, వెనక మెట్టు మీద వేలాడే కూలీలు, అన్నీ ఒకే బండిలో. పిల్లలు కలగలేదు. భూకంపం వచ్చిన ఏడు వాళ్ళ అద్దె గది కూలిపోయింది, మనుషులు మాత్రం మిగిలారు. ఆ తర్వాత సంత వెనక వీధిలో ఇంత చోటు సంపాదించి రుబియేలా ఇల్లు మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ళు కట్టింది. వంటింటి గోడలు మొత్తం పేరుమార్పు కాగితాల డబ్బుతో లేచినవీ, పైకప్పు ఎన్నికల ఏడు కొట్టిన అర్జీలదీ, వీధివైపు గదికి ఉన్న పెద్ద కిటికీ ఒక పొడుగాటి వీలునామాదీ అని ఆమె వేలు పెట్టి చూపిస్తుంది. ఆ ఇల్లు తప్ప ఆమెకి ఈ భూమ్మీద ఆస్తి లేదు. పింఛను లేదు. గోడవారన కూర్చునేవాళ్ళకి పింఛను ఎవరిస్తారు?

హిల్దార్దో గుండెపోటుతో పోయాక జీపు రుబియేలా పేరు మీదికి వచ్చి రెండేళ్ళు పెరట్లో పడి ఉంది. అప్పటికి ఆర్సేసియో పెద్దవాడయ్యాడు, పెళ్ళయింది, ముగ్గురు పిల్లలు, కొండ మీద మూడెకరాల అరటితోట. గెలలు దింపడానికి ఊరివాళ్ళ జీపుల చుట్టూ తిరిగేవాడు. ఒక ఆదివారం అక్క ఇంట్లో భోజనానికి వచ్చి, ఆ జీపు నాకిచ్చెయ్యి అక్కా అన్నాడు. సరైన ధర చెప్పాడు, చేతిలో పెట్టాడు. అందులో ఒక్క మాట తేడా లేదు. రుబియేలా సంతోషపడింది. ఆయన బండి బయటివాళ్ళ చేతికి పోకుండా తమ్ముడికే పోతోందని కొంచెం ఏడ్చింది కూడా.

భోజనాల బల్ల మీద కంచాలు పక్కకి జరిపి, ఇంట్లో ఉన్న ఇంకో మిషను తెచ్చి ఫారం ఎక్కించింది. బండి నంబరు, ఇంజను నంబరు, తన పేరు, అన్నీ గబగబా కొట్టేసింది. కొన్నవాడి గీత దగ్గరికి వచ్చి ఆగి, రేపు పొద్దున్నే ఆఫీసుకి రా, నీ పేరు మీదికి మార్పించేద్దాం అంది.

ఆర్సేసియో భార్య మార్లేని చెంచా కింద పెట్టింది. "అంటే ఏంటి వదినా? ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఆడే మాట మా ఆయనతో ఆడుతున్నారా?"

అలా కాదు, పద్ధతి అని రుబియేలా ఏదో చెప్పబోయింది. ఆర్సేసియో నవ్వేశాడు. "ఊరుకో అక్కా. నన్ను పెంచినదానివి. నీ పేరు నా పేరు వేరా? ఇప్పుడు రుసుములకి డబ్బు ఎక్కడ తేను? గెలలు దిగాక మార్చుకుంటాలే."

అందరినీ తిట్టిన నోరు అక్కడ మూతపడింది. అదే మాట పశువుల డాక్టరు అని ఉంటే గొడుగు తీసి కొట్టేది. తమ్ముడు అన్నాడు కాబట్టి తల వంచుకుంది. మర్నాడు నోటరీ దగ్గర సంతకం పెట్టింది, వేలిముద్ర వేసింది, గీత ఖాళీగా వదిలి కాగితం తమ్ముడి చేతికిచ్చింది. తెలియక చేసిందని ఎవరూ అనలేరు. ఆ తప్పు గురించి ఆమెకి తెలిసినంత కలర్కాలో ఎవరికీ తెలియదు. ఆమె మీద నాకు కోపం వచ్చే చోటు ఇదొక్కటే. అయినా మనలో ఎవరం మాత్రం ఆ చెంచా చప్పుడుకి ఎదురు నిలబడగలిగేవాళ్ళం!

గెలలు దిగాయి, మళ్ళీ దిగాయి. పేరు మారలేదు. రెండో ఏడు సంతలో కూరగాయలు కొంటూ రుబియేలా తమ జీపుని చూసింది. నడుపుతున్నవాడు తమ్ముడు కాదు. రాగి జుట్టు ఉన్నవాడెవడో, సంతలో అందరూ మోనో అని పిలుస్తారు. కూరల సంచీ అక్కడే పెట్టేసి తమ్ముడికి ఫోను చేసింది. అవునక్కా, అమ్మేశాను, ఇంజను పని పెట్టింది, నేను చేయించలేకపోయాను, మంచివాడే, కాగితం కూడా అతనికే ఇచ్చేశాను అన్నాడు ఆర్సేసియో, చాలా మామూలుగా. వాణ్ణి నా దగ్గరికి తీసుకురా, పేరు మార్పిద్దాం అంది. వచ్చే వారం అన్నాడు. ఆ వారం ఏడాదిన్నర సాగింది.

ఇలా ఇరుక్కున్నవాళ్ళకి ఒక దారి ఉంది. బండి నా చేతిలో లేదు, ఎవరి దగ్గరుందో తెలియదు అని ఆఫీసుకి రాసిచ్చి పేరు తీయించుకోవచ్చు. దానికి కావలసిన అర్జీ ఆమె ఎంతమందికి కొట్టి పెట్టిందో లెక్కలేదు. తనకోసం ఒక్కటి కొట్టుకోలేదు. ఎవరికి అమ్మావు అని ఆఫీసువాళ్ళు అడుగుతారు, తమ్ముడి పేరు చెప్పాల్సి వస్తుంది, వాడి మీద ఫిర్యాదు చేసినట్టవుతుంది అని. బండి మీద జరిమానా చీటీలు రెండు వస్తే నోరెత్తకుండా కట్టేసింది.

అక్టోబరు కోతల్లో, మూడు రోజుల వాన తర్వాత ఒక శనివారం, మోనో ఆ జీపు నిండా బస్తాలూ కూలీలూ ఎక్కించుకుని కొండ దిగుతున్నాడు. బ్రేకులు అరిగిపోయి ఎన్నాళ్ళయిందో. మలుపులో బండి పక్కకి ఒరిగి గట్టుని కొట్టుకుంది. వెనక మెట్టు మీద నిలబడిన అన్సీసర్ తబారెస్ అనే కోత కూలీ తుంటి ఎముక, కాలు విరిగాయి. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. మోనో లోయలోకి దిగి పారిపోయాడు. ఇంతవరకూ కనపడలేదు.

ఆ మలుపు పైనే ఆర్సేసియో తోట. చప్పుడు విని మొదట పరిగెత్తింది అతనే. అన్సీసర్‌ని తలుపు చెక్క మీద ఎక్కించి రోడ్డు దాకా మోసింది కూడా అతనే, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ పోలీసులు రాకముందే సీటు కింద చెయ్యి పెట్టి కాగితాల సంచీ లాగేసుకున్నదీ అతనే.

ఆదివారం మధ్యాహ్నం ఆ సంచీ పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. చెప్పాల్సింది చెప్పాడు. రుబియేలా, మనిషి బతికే ఉన్నాడా అని అడిగింది ముందు. ఉన్నాడన్నాడు. తర్వాత వీధి కిటికీ వైపు చూసింది. ఇల్లు జప్తు చేస్తారని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటి నోటీసులు ఎన్ని చదివి పెట్టిందో.

ఆర్సేసియో ప్లాస్టిక్ కవరులోంచి ఫారం తీసి బల్ల మీద పరిచాడు. సంతకం ఉంది, వేలిముద్ర ఉంది, నాలుగేళ్ళ కిందటి నోటరీ ముద్ర ఉంది. గీత ఖాళీగా ఉంది.

"అక్కా, నువ్వు కాగితాలు కొట్టినవాళ్ళ కార్డుల నకళ్ళు పెట్టెడు ఉన్నాయి నీ దగ్గర. చచ్చిపోయినవాడిది ఒకటి చూడు. వాడి పేరు కొట్టేయ్. అప్పుడే వాడికి అమ్మేశావని ముద్ర చెప్తుంది. ఇంక నిన్నెవడూ అడగడు."

"నీ పేరెందుకు కొట్టకూడదురా? నిజంగా కొన్నది నువ్వేగా."

ఆర్సేసియో ఫారం అక్క వైపు జరిపాడు. "నా పేరు కొడితే నా తోట పోతుంది. కొట్టకపోతే నీ ఇల్లు పోతుంది. చచ్చినవాడికి పోయేదేముందక్కా?"

అని ఏడ్చాడు. రుబియేలా కాదనలేదు, సరే అనలేదు. రేపు పొద్దున బల్ల దగ్గరికి రా, ఇంట్లో మిషనుకి రిబ్బను లేదు అంది. వాడు వెళ్ళాక పెట్టె దింపి నకళ్ళు ఒక్కొక్కటీ తిప్పింది. ఆమెని దేవతని చెయ్యక్కర్లేదు, వెతికింది. దొరికాడు కూడా. చెప్పులు కుట్టే ముసలాయన, రెండేళ్ళ కిందట పోయాడు, పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఆ నకలు మడిచి చేతిసంచీలో పెట్టుకుంది.

సోమవారం ఆమె బల్ల విప్పేసరికే ఆర్సేసియో వచ్చి, కాగితాలు కొట్టించుకునేవాళ్ళు కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. రుబియేలా గొడుగు పాతింది, కాఫీ పోసి వాడికిచ్చింది, ఫారం మిషనులోకి ఎక్కించి గీత సరిగ్గా అక్షరాల ఎత్తుకి వచ్చేదాకా జరిపింది. చెప్పులాయన నకలు పక్కన పెట్టుకుంది. కళ్ళజోడు తుడుచుకుంది. ఇంకోసారి తుడుచుకుంది. కొట్టవే అక్కా అని ఆర్సేసియో లోగొంతుతో అన్నాడు.

అప్పుడే ఒకామె వచ్చి బల్ల ముందు నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, వాటి నిండా ఎర్రమట్టి, భుజాన గుడ్డసంచీ. అర్జీలు కొట్టేది మీరేనా అమ్మా అని అడిగింది. ఇప్పుడు పనిలో ఉన్నారు, మధ్యాహ్నం రండి అన్నాడు ఆర్సేసియో. పదకొండింటి బస్సుకి ఆసుపత్రికి వెళ్ళాలి బాబూ, మా ఆయనకి అన్నం పెట్టేవాళ్ళు ఎవరూ లేరు అంది ఆవిడ, బతిమాలినట్టు కాదు, ఉన్న మాట చెప్పినట్టు.

రుబియేలా ఫారం బయటికి తిప్పేసి తెల్ల కాగితం ఎక్కించింది. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు. ఎదురుగా మనిషి నిలబడితే చేతులు వాటంతట అవే కదులుతాయి. చెప్పమ్మా, ఏం కావాలి అంది.

ఆవిడ పేరు ఎదిల్మా. తమది ఒక జీపు ప్రమాదం కేసు అంది. నడిపినవాడు పారిపోయాడు, కాగితాలు లేవు, నంబరు ఒక్కటే ఉంది. బండి ఎవరి పేరున ఉంటే వాళ్ళది బాధ్యత అని పోలీసులు చెప్పారు. ఆ పేరేదో చెప్పమని ఈ ఆఫీసుకి అర్జీ పెట్టుకోమన్నారు. ఆసుపత్రి ఖర్చు సర్కారు చూసుకుంటుందట కానీ మనిషి మళ్ళీ కొండ ఎక్కలేడని డాక్టరు అన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా కాఫీ కోయడం తప్ప ఆయనకి ఇంకో పని రాదు. ఇద్దరాడపిల్లలు, చిన్నదానికి పదకొండు. ఇదంతా ఎదిల్మా కన్నీళ్ళు పెట్టకుండా చెప్పింది. చెప్పి, అగ్గిపెట్టె వెనక రాసుకున్న బండి నంబరు చదివింది.

మూడో అక్షరం వినకముందే రుబియేలాకి తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళు ఆ నంబరు కోసం ఎదురుచూస్తూ వాకిట్లో నిలబడిన మనిషి. బల్ల కింద ఆర్సేసియో ఆమె పాదం నొక్కాడు. గట్టిగా నొక్కాడు.

ఆమె సగం కొట్టిన అర్జీని మిషనులోంచి లాగి పక్కన పెట్టింది. ఆఫీసువాళ్ళు జవాబివ్వడానికి పదిహేను రోజులు తీసుకుంటారమ్మా అంది. ఎదిల్మా భుజాలు వాలిపోయాయి. రుబియేలా ఇంకో తెల్ల కాగితం ఎక్కించి, మనకి అర్జీ అక్కర్లేదు, కోర్టుకి ఎక్కకముందే ఇరువైపులనీ కూర్చోబెట్టే రాజీ సమావేశానికి నేరుగా నోటీసు కొట్టేద్దాం అంది. కొట్టింది. ఆగకుండా కొట్టింది, ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆర్సేసియో ఆమె పాదం మీంచి కాలు తీసేశాడు.

కొట్టిన కాగితం చదివి వినిపించకుండా ఆమె ఎవరి చేతికీ ఇవ్వదు. దీన్నీ చదివింది. ఫలానా నంబరు జీపుకి యజమాని అయిన రుబియేలా ఓస్పీనా లోందోన్యో, గుర్తింపు కార్డు నంబరు ఫలానా, సంత వెనక వీధిలో, పెద్ద కిటికీ ఉన్న ఇంట్లో కాపురం.

"పేరు మీకెలా తెలిసిందమ్మా?" అంది ఎదిల్మా. "ఎవరావిడ?"

"నేనే."

ఆర్సేసియో లేచి వెనక్కి చూడకుండా సంత వైపు వెళ్ళిపోయాడు. రుబియేలా ఖాళీ గీత ఉన్న ఫారం కూడా మడిచి నోటీసుతోపాటు ఎదిల్మా చేతిలో పెట్టింది. బండి అమ్మేశాను కానీ పేరు మార్పించలేదు, ఇది నీ వకీలుకి చూపించు అంది. తర్వాత టైము చూసి, బస్సు వెళ్ళిపోతుంది పరిగెత్తమ్మా అంది.

సమావేశానికి ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ రుబియేలాకి నరకం చూపించారు. మార్లేని వీధిలో నిలబడి, ముసలిదానికి మతి చలించింది, ఇల్లు వీధిలో పోసుకుంటోంది, మమ్మల్నీ ముంచుతోంది అని నలుగురూ వినేలా తిట్టింది. ఆమెకి బాగా తెలిసిన వకీలు ఒకాయన బల్ల దగ్గరికే వచ్చి, బండి నా అధీనంలో లేదు అని వాదించొచ్చు, సాక్ష్యాలు తెద్దాం, మీ అంతట మీరు ఒప్పేసుకోవడమేంటి అని తల పట్టుకున్నాడు. బండి నా దగ్గర లేని మాట నిజమే, గీత వదిలేసింది మాత్రం నేనే కదండీ అంది. పగలు మామూలుగా పని చేసుకుంది. భయపడలేదనుకుంటే పొరపాటే. ఇంటికెళ్ళి గది గదికీ తిరిగి గోడలు తడిమి చూసుకునేది. తిండి సరిగ్గా తినలేదు. తమ్ముడు ఒక్కసారి కూడా రాలేదు, దానికే ఎక్కువ ఏడ్చింది.

సమావేశం రోజు గదిలో బల్లకి ఒకవైపు ఎదిల్మా, ఆమె వకీలు, చంకల కింద కర్రలతో అన్సీసర్. ఇంకోవైపు రుబియేలా ఒక్కతే. మధ్యవర్తిగా కూర్చున్నామె కాగితాలు తిరగేసి, బండి మీదేనా అని అడిగింది. రికార్డులో నాదే అంది రుబియేలా. ఎవరికి అమ్మారు అని అడిగింది. రుబియేలా జవాబు చెప్పలేదు. రెండోసారి అడిగినా చెప్పలేదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్తే ఆమె ఇల్లు సగమైనా మిగులుతుందని ఆ గదిలో అందరికీ తెలుసు.

తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆర్సేసియో. గడ్డం గీసుకోలేదు, బూట్లకి తోట బురద.

"నాకు అమ్మింది," అన్నాడు. "కొన్నది నేను. మళ్ళీ అమ్మింది నేను. పేరు మార్పించుకోనని మొండికేసింది కూడా నేనే. నా పేరు రాసుకోండమ్మా."

గుర్తింపు కార్డు నంబరు అడక్కుండానే చెప్పాడు. చెప్తున్నంతసేపూ అక్క వైపు చూడలేకపోయాడు. రుబియేలా మాత్రం వాణ్ణే చూసింది. ఆ చూపులో ఎంత ప్రేమ ఉందో చెప్పడానికి నాకు భయం లేదు, సిగ్గు లేదు. ఆ గదిలో ఆవిడ ఓడిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మధ్యాహ్నానికల్లా తెగింది. ఆర్సేసియో తోటలో ఒక ఎకరం దిగుబడి పదేళ్ళపాటు అన్సీసర్‌ది. రుబియేలా ఇంట్లో పెద్ద కిటికీ ఉన్న వీధి గది ఎదిల్మాది, రిజిస్ట్రేషనుతో సహా. ఆ కిటికీలోంచి అరేపాలూ కాఫీ అమ్ముకుంటే కొండ ఎక్కక్కర్లేదని చెప్పింది రుబియేలాయే. వెనక గది, వంటిల్లు ఆమెకి మిగిలాయి. వాడుకోమని తాళంచెవి ఇచ్చేస్తే చాలదా, దస్తావేజు ఖర్చు ఎందుకు అని ఎదిల్మా వకీలు అన్నాడు. రుబియేలా అతని వైపు చూసిన చూపుకి దస్తావేజు కాగితాలు బయటికి తీశాడు.

బయటికి వచ్చాక అన్సీసర్ కర్రల మీద మెల్లగా ముందు నడిచాడు. పక్కన అతన్ని పట్టుకుని ఆర్సేసియో. ఎదిల్మా, రుబియేలా వెనక నడిచారు. వీధి మలుపు దాకా వచ్చి ఎదిల్మా అక్కడ ఆగింది.

"ఒక మాట అడగనా అమ్మా? ఆ రోజు మీరు నాకు ఉత్త అర్జీ కొట్టిచ్చి పంపించి ఉంటే మాకు ఏమీ తెలిసేది కాదు. ఆఫీసు జవాబిచ్చేలోపు మీకు పదిహేను రోజులుండేవి. ఆ పదిహేను రోజుల్లో ఇల్లు ఇంకెవరి పేరు మీదికైనా మార్చేసుకోవచ్చు కదా. మాకేం దొరికేది?"

"ఏమీ దొరికేది కాదు," అంది రుబియేలా. "ఇల్లు మార్చే కాగితం కొట్టడం కూడా నాకు బాగా వచ్చమ్మా."